బిళ్ళ చేపలు

మనిషి గడప దాటుతుంటే "ఎక్కడికి?" అని అడగకూడదని మన వైపు పసిపిల్లలకు కూడా తెలుసు. అడిగితే వెళ్ళిన పని చెడుతుందంటారు. మరీ ఉండబట్టలేకపోతే "దూరమా?" అనాలి. అలాంటి చోట, ఎమర్జెన్సీ నడుస్తున్న రోజుల్లో, ప్రతి ఆదివారం తెల్లారేసరికి బెజవాడ బస్టాండుకు పోయి, గాలపు కర్రలు పట్టుకుని బస్సెక్కబోతున్న పెద్దమనుషుల్ని ఆపి "ఎక్కడికండీ?" అని అడగడం నా ఉద్యోగం. మొదటి వారమే ఒకాయన మెట్టు మీద పెట్టిన కాలు వెనక్కి తీసి, నన్ను ఎగాదిగా చూసి, కర్ర భుజాన వేసుకుని తిన్నగా ఇంటికి పోయాడు. ఇంకొకాయన "మీ పుణ్యాన ఇవాళ నత్తగుల్ల కూడా పడదు" అన్నాడు. నాలుగు తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

నేను చేపల శాఖలో ఇన్‌స్పెక్టరుని. గవర్నర్‌పేటలో ఒక మేడ వెనక భాగంలో అమ్మా నేనూ అద్దెకుండేవాళ్ళం. నాది పుట్టుకతో వచ్చిన గాభరా. తలుపు తాళం వేశానా లేదా అని వీధి చివర నుంచి వెనక్కి వచ్చి చూసుకునే రకం. అలాంటివాడికి మనుషుల నమ్మకం సంపాదించే పని అప్పజెప్పడం మా శాఖ చేసిన పెద్ద హాస్యమని ఇప్పటికీ నా అభిప్రాయం.

ఆదివారం చర్చికి రాకుండా కోడూరు బస్సెక్కుతున్నానని అమ్మకు కోపం. "ప్రభువు శిష్యులు కూడా చేపలవాళ్ళేగా అమ్మా" అని ఒకసారి నవ్వించబోయాను. "వాళ్ళు వలలొదిలేసి ఆయన వెంట పోయారు. నువ్వు ఆయన్నొదిలేసి గాలాల వెంట పోతున్నావు" అంది.

ఆ గాలాలవాళ్ళ గురించి చెప్పాలి. వాళ్ళు జాలర్లు కారు. రైల్వేలో పనిచేసి రిటైరైనవాళ్ళు, ఆటోనగర్‌లో లేతు మిషన్ల మీద పనిచేసే మేస్త్రీలు, ఒకరిద్దరు బడిపంతుళ్ళు. వారమంతా బెజవాడ దుమ్ములో ఉండి ఆదివారం పూట పులిగడ్డ దాటి, అవనిగడ్డ దాటి, కోడూరులో దిగి, అక్కణ్ణించి అద్దె సైకిళ్ళ మీద మడ అడవి దాకా పోయి, కృష్ణ సముద్రంలో కలిసే చోట గాలం వేసుకుని కూర్చునేవాళ్ళు. ఆ చోటుని మొగ అంటారు. వాళ్ళకు కావలసింది ఒక్కటే చేప, పండుగప్ప. అది పడితే మనిషిని నీళ్ళలోకి లాగినంత పని చేస్తుంది. పడిన రోజు వాళ్ళ నడక వేరుగా ఉండేది. పడని రోజు బస్సులో కిటికీ పక్కన కూర్చుని మాట్లాడకుండా వచ్చేవాళ్ళు. ఇళ్ళల్లో ఏ గొడవలున్నా, ఆఫీసుల్లో ఎవరు అరిచినా, ఆ ఒక్క పూట కోసం వారమంతా ఓర్చుకునే మనుషులు వాళ్ళు.

ఆ పూటే పోయేలా ఉంది. అది వాళ్ళకు సరిగ్గా తెలియదు. నాకు తెలుసు. తెలిసినవాడికే కదా నిద్ర పట్టనిది.

సంగతేమిటంటే, మొగలో పండుగప్ప తగ్గిపోతోందని మా పైవాళ్ళకు అనుమానం వచ్చింది. ఈ చేపలో ఒక తమాషా ఉంది. చిన్నప్పుడు మగది, పెద్దయ్యాక ఆడదవుతుంది. కాబట్టి గాలానికి పడే పెద్ద చేపలన్నీ గుడ్లు పెట్టే తల్లులే. అవి ఏ మూల చేరి గుడ్లు పెడతాయో తెలిస్తే, గుడ్లు పెట్టే నాలుగు నెలలూ ఆ మూల మాత్రం మూసేస్తే సరిపోతుంది. కానీ ఎక్కడ చేరతాయో మాకు తెలియదు. తెలిసినవాళ్ళు గాలాలవాళ్ళే, వాళ్ళు చెప్పరు. అందుకని ఎండాకాలంలో మేం వలవాళ్ళ చేత కొన్ని చేపలు బతికుండగా పట్టించి, రెక్క దగ్గర పసుపుపచ్చ ప్లాస్టిక్ బిళ్ళ ఒకటి తీగతో కట్టి, మళ్ళీ నీళ్ళలో వదిలాం. బిళ్ళ మీద ఒక నంబరు, దాని కింద ఇంగ్లీషులో గవర్నమెంటు అని అక్షరాలు. ఆ చేప ఎవరికి పడితే వాళ్ళు బిళ్ళ తెచ్చి, ఎక్కడ పడిందో చెప్పాలి. అంతే.

మా ఆఫీసులో అసిస్టెంట్ డైరెక్టరు ఒకాయన ఉండేవారు. అందరం ఏడీ గారనేవాళ్ళం. గట్టి మనిషి, మాట కటువు, అన్యాయస్తుడు మాత్రం కాదు. ఆయన నన్ను కూర్చోబెట్టి రెండు ముక్కల్లో చెప్పారు.

"దసరాలోపు చోటు తెలిస్తే చోటు మూస్తాం. తెలియకపోతే మొగంతా మూస్తాం, ఒక్క గాలం కూడా పడటానికి లేదు. ఫైలు హైదరాబాదు పోతుంది, తర్వాత నా చేతిలో ఉండదు."

"వలవాళ్ళ సంగతేంటండీ?"

"వలవాళ్ళది బతుకుతెరువయ్యా. అది ముట్టుకుంటే ఊరుకుంటారా? వీళ్ళది సరదా. సరదాని మూయడం తేలిక." ఆగి, మళ్ళీ అన్నారు. "మొగంతా మూస్తామని వాళ్ళకి చెప్పు. చోటు చెబితే చోటు మూస్తామన్న మాట మాత్రం ఎత్తకు. అది తెలిస్తే ఒక్కడూ నోరు విప్పడు."

ఆ రెండో మాట నా మెడకు చుట్టుకుంది. వాళ్ళే అడిగితే ఏం చెప్పాలి? లేదనాలా? మూసిన మర్నాడు వాళ్ళ మొహం ఎలా చూడాలి? అవునంటే బిళ్ళలు రావు, బిళ్ళలు రాకపోతే మొగే పోతుంది. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అది నేనే. బస్సులో, అన్నం తింటున్నప్పుడు, చర్చిలో మోకాళ్ళ మీద ఉన్నప్పుడు కూడా అదే ఆలోచన. అమ్మ నా మొహం చూసి, పెళ్ళి గురించి దిగులు పడుతున్నాననుకుని రెండు సంబంధాలు చూసింది.

వారాలు గడిచాయి. ఒక్క బిళ్ళ రాలేదు. చేపలు పడుతూనే ఉన్నాయి, నా కళ్ళతో చూస్తున్నాను. పడిన చేపల రెక్కల దగ్గర చిన్న గాటు కూడా కొన్నిటికి కనిపించింది. అంటే బిళ్ళ కోసి తీసేస్తున్నారన్నమాట. ఎందుకు? అడిగితే "బిళ్ళేంటండీ?" అని నన్నే అడిగారు.

ఎందుకో నాకు కోడూరు టీకొట్టులో తెలిసింది. వెనక బల్ల మీద ఎవరో ఒకడు ఇంకొకడికి చెబుతున్నాడు. "బిళ్ళ ఉందంటే ఏంటనుకున్నావు? బిళ్ళ బంట్రోతుకి ఉండదూ, కలెక్టరాఫీసులో? ఇదీ అంతే. గవర్నమెంటు చేప. దాన్ని పట్టావంటే గవర్నమెంటు ఉద్యోగి మీద చెయ్యేసినట్టే. ఇప్పుడసలే రోజులు బాగోలేదు, ఊరికే తీసుకుపోయి లోపలేస్తున్నారు." రెండోవాడు నవ్వలేదు. టీ గ్లాసు కింద పెట్టి "మావాడికి ఒకటి పడిందిరా, ఏం చెయ్యాలి?" అన్నాడు. మొదటివాడు "గొంతు దాకా గొయ్యి తీసి పాతెయ్యమను" అన్నాడు.

నాకు నవ్వు రావాలి, ఏడుపొచ్చింది. భుజం మీదుగా డవాలీ పట్టీ కట్టుకుని, దాని మీద ఇత్తడి బిళ్ళ పెట్టుకుని, ఆఫీసరు గది ముందు స్టూలు మీద కూర్చునే బంట్రోతుని మన జనం తరతరాలుగా చూస్తున్నారు. ఆ బిళ్ళని దాటి లోపలికి పోవడం ఎంత కష్టమో వాళ్ళకు తెలుసు. కుక్కకు మునిసిపాలిటీవాళ్ళు బిళ్ళ కడితే దాన్ని ఎవడూ కొట్టడు. మరి చేపకు బిళ్ళ కట్టి, దాని మీద గవర్నమెంటు అని అచ్చు వేసి, మమ్మల్ని నమ్మండి అంటే ఎవడు నమ్ముతాడు? ఆ అక్షరాలు వేయించిన మహానుభావుడెవరో గానీ, ఒక్కసారి టీకొట్టులో కూర్చుని ఉంటే వేయించేవాడు కాదు.

మర్నాటి నుంచి కనిపించిన ప్రతివాడికీ చెప్పాను, అది కేసు కాదు, నేరం కాదు, జైలు కాదు అని. ఎంత చెబితే అంత అనుమానం పెరిగింది. కేసు లేకపోతే కేసు లేదని ఇన్నిసార్లు ఎందుకు చెబుతున్నాడని వాళ్ళ తర్కం. నిజానికి అది తప్పుడు తర్కం కూడా కాదు.

గవర్నర్‌పేటలోనే గడియారాలు బాగుచేసే సాయిబు గారొకరు ఉండేవారు. కంటికి భూతద్దం బిగించుకుని పొద్దస్తమానం చిన్న చిన్న చక్రాలతో కుస్తీ పట్టే మనిషి. ఆదివారం వస్తే అందరికంటే ముందు బస్టాండులో ఉండేవారు. గాలాలవాళ్ళలో ఆయన మాటకి విలువ. ఒకరోజు ఆయన కొట్టు నుంచి కబురొచ్చింది, "మీ గడియారం బాగైంది, వచ్చి తీసుకెళ్ళండి" అని. నేను ఆయనకు గడియారం ఇవ్వలేదు. నా గడియారం నా చేతికే ఉంది. అది చూసుకుంటూ వెళ్ళాను.

ఆయన నన్ను లోపలికి రమ్మని తలుపు ఓరగా వేశారు. స్ప్రింగులు వేసుకునే రేకు డబ్బా మూత తీసి, అడుగు నుంచి పట్టకారుతో ఒక పసుపుపచ్చ బిళ్ళ పైకెత్తారు.

"ఇది పడ్డ కాణ్ణించి నిద్ర లేదండి. వీధిలో పోలీసు పోతే చాలు, నాకోసమే అనిపిస్తంది. మా ఇంటావిడ దీన్ని కాలవలో పడెయ్యమంది. నేను రెండు మాట్లు ఏలూరు కాలవ దాకా పోయి వచ్చానండి. చెయ్యి రాలేదు. మీరు వారం వారం అంత దూరం వచ్చి, మాతోపాటే ఎండలో ఉంటన్నారు. ఎందుకుంటన్నారో అనిపించింది."

"కేసు ఉండదండీ. నాది పూచీ" అన్నాను.

"మీ మాటే కదా?"

"నా మాటే."

అనేశాను గానీ, నా పూచీకి ఏం విలువ? సంతకం పెడితే సీలు వేయడానికి కూడా ఇంకొకరి అనుమతి కావాలి నాకు. రేపు ఎవరైనా ఈయన కొట్టు ముందు జీపు ఆపితే నేను చేయగలిగిందేమీ లేదు. ఆ సంగతి ఆయనకు నా మొహంలో కనబడుతుందేమోనని తల దించుకుని బిళ్ళ తీసుకున్నాను.

"ఎక్కడ పడిందండీ?"

ఆయన భూతద్దం తీసి బల్ల మీద పెట్టారు. "అదొక్కటీ అడగమాకండి. ప్రాణం అడగండి ఇస్తాను. రైల్వే గార్డు గారు లేరూ, మేమిద్దరం ఒకే సైకిలు మీద ఎన్నేళ్ళు తిరిగామో. ఆయన చోటు నాకు తెలవదు, నా చోటు ఆయనకి తెలవదు. అడిగితే సరుగుడు తోట కాడ అంటాం ఇద్దరం. సరుగుడు తోట కాడ కప్ప కూడా పడదు."

చోటు లేని బిళ్ళ చెల్లని నాణెం. అయినా నేను ఇంకేమీ అడగలేదు. చోటు ఊసెత్తితే చెబితే మూసేస్తారా అని ఆయన తప్పకుండా అడుగుతారని భయం.

ఆ తర్వాత కొన్ని వారాలు నేను ఆయన కొట్టు ముందు నుంచే ఆఫీసుకు పోయాను, దారి చుట్టయినా. కొట్టు తెరిచి ఉందా, ఆయన లోపల ఉన్నారా అని చూసుకోవడం. ఉన్నారు. పోలీసులు రాలేదు, జీపు రాలేదు. ఆయన తలెత్తి నన్ను చూసి, మళ్ళీ పనిలో పడేవారు. ఒక్క నేనే కాదు, మిగతా గాలాలవాళ్ళు కూడా ఏదో ఒక వంకతో ఆ కొట్టుకు వచ్చి ఆయన్ని చూసి పోతున్నారని నాకు తర్వాత తెలిసింది. ఆయనకేమైనా అవుతుందేమోనని బెజవాడలో అంతమంది కాచుకుని ఉన్నారు.

దసరా దగ్గర పడింది. చోటు ఊసు లేదు. శనివారం సాయంత్రం ఆఫీసు మూసే వేళకు ఏడీ గారు నన్ను పిలిచి, "రేపు నేనే వస్తాను. వాళ్ళతో నేరుగా మాట్లాడతాను" అన్నారు.

"రండి సార్. కానీ బస్సులో వెళ్దామండీ" అన్నాను.

"మతి ఉండే మాట్లాడుతున్నావా? జీపు ఉండగా బస్సేంటి?"

"పోనీ కోడూరులో జీపు ఆపి, అక్కణ్ణించి సైకిళ్ళ మీద..."

"నేను సైకిలెక్కి ఎన్నేళ్ళయిందో తెలుసా? పడితే నువ్వు మోస్తావా?" అని నవ్వారు. ఆయనకు నా భయం అర్థం కాలేదు. ఆయన నిజంగా మంచిగా మాట్లాడదామనే వస్తున్నారు, అది నాకు తెలుసు. సాయిబు గారి కొట్టుకు పరిగెత్తాను, కబురు చెబుదామని. కొట్టు మూసి ఉంది. ఇల్లెక్కడో తెలియదు. ఊళ్ళో అందర్నీ ఎక్కడ ఎక్కడ అని అడిగే నేను, ఆ ఒక్కటీ ఎప్పుడూ అడగలేదు.

జీపులో నన్ను ముందు కూర్చోమన్నారు, దారి చూపించాలి కదా. ఏడీ గారు వెనక. డ్రైవరు ఖాకీ చొక్కా, ఖాకీ టోపీ. ఉయ్యూరు దాటినా, పామర్రు దాటినా నాకు ఒకటే ధ్యాస. కట్ట మీద నుంచి చూసేవాళ్ళకు మేం ఎలా కనిపిస్తాం? గవర్నమెంటు జీపు, ఖాకీ మనిషి, ఆ పక్కన నేను. మధ్యలో చిన్న వాన పడింది. అది పెద్దదై రోడ్డు తెగిపోతే బాగుండునని కోరుకున్నాను. తెగలేదు.

మొగ దగ్గర కట్ట మలుపు తిరిగేసరికి వాళ్ళందరూ కనిపించారు. ఎప్పుడూ ఎక్కడివాళ్ళక్కడ, ఒకరికొకరు కనపడనంత దూరంలో కూర్చునేవాళ్ళు ఆ రోజు ఒక్కచోట గుమిగూడి ఉన్నారు. నాకోసం చూస్తున్నట్టే ఉన్నారు. జీపు చప్పుడుకు తలలు తిరిగాయి. ఎవరో ఏదో కేక వేశారు. వెంటనే ఒక్కొక్కరి చెయ్యీ చొక్కా జేబులోకి పోయింది, బయటికొచ్చి నీళ్ళ మీదికి ఊగింది. ఎండలో పసుపుపచ్చగా ఏవో మెరిసి పాయలో పడ్డాయి.

ఏం పడ్డాయో నాకు వెంటనే తెలిసింది. జీపు ఆగకముందే దూకి పరిగెత్తాను.

"ఏంటండీ ఇది! ఏం చేశారండీ!" అని అరిచాను. అరికాలి మంట నెత్తికెక్కింది. అది వాళ్ళ మీదో, ఏడీ గారి మీదో, ఆ ఖాకీ టోపీ మీదో నాకే తెలియదు.

సాయిబు గారు నా దగ్గరికి వచ్చి, నా వంక కాకుండా నేల వంక చూస్తూ అన్నారు. "ఇయ్యాళ మీకు ఇచ్చేద్దామని అందరూ తెచ్చుకున్నారండి. నేనే తెమ్మన్నాను. మీరేమో దాంట్లో దిగారు."

"నేను తీసుకురాలేదండీ. ఆయనే వస్తానన్నారు. నిన్న మీ కొట్టుకు వచ్చాను, మూసి ఉంది" అన్నాను. చెబుతుంటేనే అది ఎంత చచ్చు మాటో నాకు వినిపించింది.

గార్డు గారు కొంచెం అవతల నిలబడి ఉన్నారు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి, పొడవు, తెల్ల మీసం, తక్కువ మాట. అందరిలోకీ పెద్ద పండుగప్పలు పడేది ఆయనకే. నా వంకా జీపు వంకా మార్చి మార్చి చూశారు. నమ్మారో లేదో తెలియలేదు.

ఏడీ గారు నెమ్మదిగా కట్ట దిగి వచ్చి "నన్ను చూసే పారేశారా?" అన్నారు. ఆయన గొంతులో అధికారం లేదు. నిజంగానే నొచ్చుకున్నారు. "నేను కేసులు పెట్టడానికి రాలేదయ్యా. అసలు కేసు పెట్టే సెక్షనే లేదు." ఆ మాటకి ఇద్దరు ముగ్గురు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అప్పటికి సముద్రం ఆటుకు నీళ్ళు వెనక్కి తీసే వేళయింది. అక్కడ పాయ చిన్నది, నీళ్ళు తీస్తే అడుగు బురద బయటపడుతుంది. నేను ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచి దిగిపోయాను. ఎందుకు దిగానంటే, ఏదో ఒకటి చేయకపోతే అక్కడే కూలబడేలా ఉన్నాను. బురద తొడల దాకా వచ్చింది. మడ వేళ్ళు కాళ్ళకు గుచ్చుకుంటున్నాయి. రెండు చేతులూ పెట్టి తడుముతున్నాను. నత్తలు, గవ్వలు, కుళ్ళిన ఆకులు. వెనక చప్పుడైతే తిరిగి చూశాను. సాయిబు గారు లుంగీ ఎగ్గట్టి దిగుతున్నారు. ఆయన వెనక ఆటోనగర్ మేస్త్రీ, ఆ వెనక ఇంకొకరు. "అటు కాదండీ, నేను ఇటు పారేశాను" అని ఒకాయన సిగ్గుపడుతూ చూపించాడు. పారేసినవాళ్ళే వెతకడం మొదలుపెట్టారు. ఏడీ గారు బూట్లు విప్పి మేజోళ్ళు వాటిలో దోపారు గానీ, ఒడ్డున నిలబడి దిగాలా వద్దా అని చూస్తూ ఉండిపోయారు.

కొన్ని దొరికాయి, కొన్ని సముద్రంలోకి పోయాయి. దొరికినవి తెచ్చి ఒడ్డున గడ్డి మీద పెట్టారు. పెట్టారే గానీ వాటి పక్కన నిలబడి ఎవరూ కదల్లేదు. బిళ్ళలు వచ్చాయి. చోట్లు రాలేదు. ఏడీ గారు నా వంక చూసి కనుబొమ్మ ఎగరేశారు, అడుగు అన్నట్టు.

నేను అడగనక్కర్లేకపోయింది. గార్డు గారు బురద కాళ్ళతో నా ముందుకొచ్చారు. ఆయన అరచేతిలో ఒక బిళ్ళ ఉంది.

"ఇది ఎక్కడ పడిందో చెప్పమంటారు. అంతే కదండీ?"

"అంతేనండి."

"చెబితే ఆ చోటు మూసేస్తారా?"

ఎన్ని నెలలుగా ఆ ప్రశ్నకు భయపడ్డానో అది ఇంత మామూలుగా, బస్సు ఎన్నింటికి అన్నట్టుగా వచ్చింది. ఏడీ గారు వెంటనే "అదేం లేదండీ, అవన్నీ తర్వాతి సంగతులు. మీరు చెప్పండి" అన్నారు. గార్డు గారు ఆయన వంక చూడలేదు. నన్నే చూస్తున్నారు. లేదంటే బిళ్ళలన్నిటికీ చోట్లు వస్తాయి, మొగ నిలుస్తుంది, ఏడీ గారు సంతోషిస్తారు. అవునంటే అన్నీ ఇక్కడే ఆగిపోవచ్చు.

"మూసేస్తారండి" అన్నాను. "గుడ్లు పెట్టే నెలల్లో. చెప్పకపోతే మొగంతా మూసేస్తారు. చెబితే ఆ చోటు తప్పకుండా మూసేస్తారు."

ఏడీ గారు గట్టిగా ఊపిరి వదలడం వినిపించింది. ఆయన మొహం చూసే ధైర్యం లేక బిళ్ళ వంక చూస్తూ నిలబడ్డాను. గార్డు గారు బిళ్ళని అరచేతిలో రెండుసార్లు తిప్పి చూసుకున్నారు. తర్వాత తలెత్తి, పాయ అవతలికి చెయ్యి చాపారు.

"ఆ విరిగిన నాటు పడవ ఉంది చూడండి. దానికి తూర్పున రెండు మడచెట్లు నీళ్ళ మీదికి వంగి ఉంటాయి. వాటి నడుమ. అక్కడే. ఇదొక్కటే కాదు, నాకు పడ్డవన్నీ అక్కడే."

సాయిబు గారు నోరు తెరిచారు. "సరుగుడు తోట కాడన్నావు కదయ్యా నాతో! ఇన్నేళ్ళూ!"

"నువ్వూ అదే అన్నావుగా."

"నేను... నాదీ ఆ చెట్ల కిందేనయ్యా. ఇవతలి పక్క నుంచి వేసేవాణ్ణి!"

ఎవరో పకపకా నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే మేస్త్రీ తన చోటు చెప్పాడు, పంతులు గారు తనది చెప్పారు. చాలామందివి ఆ చెట్ల దరిదాపుల్లోనే తేలాయి. ఏడీ గారు జేబులోంచి కాగితం తీసి, ఎవరి పేరూ అడగకుండా, చోట్లు మాత్రం రాసుకున్నారు. బెజవాడలో నన్ను దింపేటప్పుడు "నీకు ఉద్యోగం చెయ్యడం రాదయ్యా" అన్నారు. అని, డ్రైవరు వినకుండా, "ఫైలు నేను చూసుకుంటాను" అన్నారు.

చూసుకున్నారు కూడా. మొగ మూయలేదు. ఆ రెండు మడచెట్ల దగ్గర, ఇటూ అటూ కొంత దూరం, నాలుగు నెలలు గాలం వేయకూడదని బోర్డు పెట్టాం. ఆ మరుసటి ఏడాది ఉప్పెన వచ్చి ఆ తీరం రూపే మారిపోయింది. ఇది అంతకు ముందటి మాట.

బోర్డు పెట్టాక మొదటి ఆదివారం నేను పొద్దున్నే పోయి కట్ట మీద కూర్చున్నాను. బోర్డు పీకేస్తారని, కనీసం దాని కిందే గాలం వేస్తారని నా భయం. వేస్తే ఏం చేయాలో కూడా నాకు తెలియదు. ఎండెక్కాక గార్డు గారు సైకిలు నడిపించుకుంటూ వచ్చారు. తన చోటు దగ్గరికి రాగానే మొహం పొలాల వైపు తిప్పేసుకుని, అలాగే నడిచి నా దాకా వచ్చారు. ఏమైందండీ అన్నాను.

"అటు ఎవరన్నా వేస్తన్నారేమో మీరే చూసుకోండి బాబూ" అన్నారు. "నేను చూస్తే చెయ్యి ఆగదు."